నేను తాగని చాయ్

రాజమండ్రిలో మాది మోర్మన్ క్రైస్తవ కుటుంబం. మా మతంలో కుర్రాళ్లు పందొమ్మిదేళ్లకి మిషనుకి వెళ్తారు. రెండేళ్లపాటు సొంత ఊరు వదిలి, తెల్లచొక్కా, టై, జేబుమీద నల్ల బ్యాడ్జి తగిలించుకుని, ఇద్దరిద్దరుగా ఇల్లిల్లూ తిరిగి దేవుడి మాట చెప్పాలి. నన్ను బెంగళూరు పంపారు. ఆ రెండేళ్లలో నా మాట విని మారినవాళ్లు ఎవరూ లేరు. ఒక వీధికుక్క మాత్రం చివరికి మొరగడం మానేసింది.

అయితే మా మాట వద్దన్న ఇళ్లలో కూడా, ఏమైనా పనుంటే చేసిపెడతామంటే కాదనేవారు కాదు. నీళ్లు మోశాం, సున్నాలు వేశాం, ఒక ముసలమ్మగారి అటక సర్దాం. తర్వాత ఆలోచిస్తే, నేను నిజంగా సంతోషంగా ఉన్న రోజులన్నీ అవే. ఈ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. నన్ను పంపింది అటకలు సర్దడానికి కాదు కదా.

ఆ తర్వాత ఏసీ మెకానిక్కుగా సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌కి వచ్చాను. గల్ఫ్ యుద్ధం ముగిసి అప్పటికి కొన్నేళ్లయింది. అక్కడ మతం గురించి నోరెత్తకూడదని ఏజెంటు పదిసార్లు చెప్పి పంపాడు. నాకది పెద్ద కష్టమనిపించలేదు. నోరెత్తనిచ్చిన చోటే ఎవరూ వినలేదు. బ్యాడ్జి ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చాను. టీ, కాఫీ ముట్టకూడదన్న మా నియమం మాత్రం నాతోపాటు విమానమెక్కింది. మా లేబర్ క్యాంపులో చాయ్ తాగనివాణ్ని ఏదో జబ్బున్నవాణ్ని చూసినట్టు చూసేవారు.

గదిలో పై మంచం నాది, కింది మంచం జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రిది. యాభై దాటిన మనిషి. యుద్ధమప్పుడు కూడా సౌదీలోనే ఉన్నాడు. సైరన్ మోగి అందరూ గ్యాస్ మాస్కులు తొడుక్కుని పరిగెడుతుంటే, తాను మాత్రం కప్పులో చాయ్ పూర్తిచేసి లేచేవాడినని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ కప్పు కాస్త పెద్దదయ్యేది. "లడాయిల గూడ ఎవ్వల్ని సాయం అడగలె తమ్మీ" అనే మాటతో కథ ముగిసేది.

ఆ వేసవిలో ఆయన పరంజా మీంచి పడ్డాడు. రెండు మణికట్లూ విరిగాయి. ముప్పై ఏళ్లు గోడలకి సిమెంటు పూసిన మనిషి చేతులకి, మోచేతుల దాకా సిమెంటు కట్లు వేసి పంపారు. ఆరు వారాలు కదపకూడదన్నారు.

నా పని క్యాంపు లోపలే కాబట్టి గంటకోసారి గదికి రాగలను. అందుకని నేనే పూనుకున్నాను. మొదటిరోజు ఆయన మొహం గోడకి తిప్పుకుని, బాత్రూముకి తీసుకెళ్లమన్నాడు. తీసుకెళ్లాను. మూడో రోజు నుంచి అన్నం రెండు ముద్దలకే చాలన్నాడు. నీళ్లొద్దన్నాడు. నేను పెట్టిన చాయ్ ఒక్క గుక్క తాగి పెదాలు బిగించాడు.

తప్పు నా చాయ్‌దే అనుకున్నాను. అలా అనుకోవడానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగి చాయ్ రుచి చూడనివాడు, టీపొడిని కందిపప్పులా ఉడికించి చేసిన చాయ్ అది. పక్కగదుల్లో అడిగి అడిగి రెండు రోజులు దాన్ని బాగుచేశాను. ఆయన మాత్రం పెదాలు విప్పలేదు.

ఐదో రోజు మంచం మీంచి లేస్తూనే కళ్లు తిరిగి పడిపోయాడు. క్లినిక్‌లో డాక్టరు సెలైన్ పెట్టి, ఈ ఎండలో ఇలా నీళ్లు మానేస్తే కిడ్నీలు పోతాయని నన్ను తిట్టాడు. అప్పుడు వెలిగింది నాకు. తాగితే బాత్రూముకి వెళ్లాలి. వెళ్తే లుంగీ విప్పడానికీ కడగడానికీ నన్ను పిలవాలి. యుద్ధంలో కూడా ఎవరినీ అడగనివాడు, నన్ను మాటిమాటికీ అడగలేక దాహంతో చావడానికి సిద్ధపడ్డాడు. నేనేమో టీపొడి కొలతలు మారుస్తున్నాను.

గదికి తెచ్చి పడుకోబెట్టాక చెప్పాను. బెంగళూరులో నా జంటగాడు కోయంబత్తూరు వాడు, పహిల్వానులాంటి మనిషి, వాడికి విరేచనాలు పట్టుకుంటే తొమ్మిది రోజులు కడిగానన్నాను.

"వాడి ముందు మీరెంత బాబాయ్?"

ఆయన మొహం నా వైపు తిప్పాడు. తర్వాత, "గాయిన నీకు ఏమైతడు?" అన్నాడు.

"ఏమీ కాడు. మీలాగే. ఒకే గదిలో పడేశారు."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వని ఒప్పుకోడు కాబట్టి నేనూ రాయను. నేను చాయ్ రుచి చూడకూడదు, నాలుక మీరే అరువివ్వాలి, మీరు తాగకపోతే నాకు పని రాదు అన్నాను. ఆలోచించి, కప్పు తెమ్మన్నట్టు గడ్డం ఎత్తాడు. తాగాడు.

"కుడితి లెక్కున్నది. మల్ల పెట్టు."

ఆ రోజు మూడుసార్లు పెట్టాను. మూడూ తాగాడు. తాగినదంతా తన దారి తాను చూసుకుంటుంది కదా. ఆయన మాత్రం నన్ను పిలవలేదు. బాత్రూము తలుపు దగ్గరికి వెళ్లి, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. నేను వెళ్లాను. ఆ తర్వాత రోజూ అదే పద్ధతి. ఆయన అడగలేదు, నేను చేశానని చెప్పలేదు. చాయ్ గురించి మాత్రం ఇద్దరం నోరు నొప్పెట్టేలా మాట్లాడుకున్నాం. రంగు ఇటుకలా రావాలనేవాడు. పచ్చి ఇటుక కాదు, బట్టీలో కాలిన ఇటుక.

నాలుగో వారానికి పక్కగదుల వాళ్లు గ్లాసులు పట్టుకుని మా తలుపు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నేను ఒక్క చుక్కా తాగకుండా క్యాంపులో మంచి చాయ్ పెట్టేవాణ్నయ్యాను. మిషను ముగిసినప్పుడు పెద్దలు నన్ను మెచ్చుకుంటూ ఒక ఉత్తరం ఇచ్చారు. అది ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఆ గ్లాసుల వరస మాత్రం గుర్తుంది. ఆ గర్వం నాకిప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

కట్లు విప్పిన రోజు ఆయన నన్ను స్టవ్ దగ్గరికి రానివ్వలేదు. సన్నబడిపోయిన చేతులు రెండూ కలిపి గిన్నె పట్టుకున్నాడు. సగం పొయ్యిమీద ఒలికింది. మిగిలింది గ్లాసులో పోసి నాకిచ్చాడు. పాలు, చక్కెర, దంచిన యాలకులు. టీపొడి లేదు.

"చాపత్త ఎయ్యలె. తాగు."

తాగాను. చక్కెర ఎంత వేశాడంటే పళ్లు జివ్వుమన్నాయి.  

"కుడితిలా ఉంది బాబాయ్," అన్నాను.

ఆయన గ్లాసు లాక్కుని, రెండు చేతులతో గిన్నె ఎత్తుకుని, మళ్లీ పెట్టడానికి వెళ్లాడు.