ఎర్రమన్ను అంచు

మొన్న పెరంబూరులో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళాను. వేదిక వెనక గోడ మీద లేజరు దీపం పూలూ చిలకలూ గీస్తోంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నేను మాత్రం చేతిలో ఐస్‌క్రీం కరిగిపోతున్నా చూసుకోకుండా, ఆ పెట్టెకి వెలుగు తగ్గించే మీట ఉందా అని వెతుకుతూ నిలబడ్డాను. పక్కనున్న మా తోడికోడలు "ఏంది, ఆ లైటునట్లా చూస్తా ఉండావు?" అంది.

మా బావ, అంటే మా అక్క భర్త, రైలుపెట్టెల కర్మాగారంలో కరెంటు పని చేసి రిటైరైన మనిషి. తొండియార్‌పేటలో వాళ్ళింట్లో ఆయన విప్పి బిగించని వస్తువు లేదు, బిగించాక రెండు స్క్రూలు మిగలని వస్తువూ లేదు. ఆ మిగిలినవన్నీ అక్క ఒక ఊరగాయ సీసాలో దాచి, "ఈటితో ఇంకో మిక్సీ చేసియ్యి" అని ఏడిపించేది. అలాంటి అక్కకి తలలో గడ్డ వచ్చి మంచం పట్టింది. ఆ ఏడు ధనుర్మాసానికి లేచి కూర్చోలేకపోయింది. పెళ్ళయిన నాటినుంచి ఆ నెలలో ఒక్క పొద్దు కూడా ముగ్గు మానని మనిషి, "వాకిలి బోసిగా ఉండాది గదా పాపా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను వేస్తానంటే ఒప్పుకోలేదు. నా ముగ్గులు వంకర అని చిన్నప్పటినుంచీ ఆమె అభిప్రాయం. అది నిజమే.

బావ వెళ్ళి దొరికినవాటిలోకల్లా చవకైన లేజరు ప్రొజెక్టరు కొనుక్కొచ్చాడు. అక్క ముగ్గుల నోటుబుక్కు ముందు పెట్టుకుని, ఒక్కొక్క మెలికా కంప్యూటరులో గీసి, తెల్లవారుతుండగా ఆమె మంచానికి ఎదురుగోడ మీద వేశాడు. తెల్లటి ముగ్గు, చుట్టూ ఎర్రమన్ను అంచు, అచ్చం వాకిట్లో వేసినట్టే. అక్క ముఖం విప్పారింది. మరు నిమిషంలో ఆ వెలుగు తట్టుకోలేక కళ్ళు మూసేసుకుంది. "కన్ను కూసతాందయ్యా, కొంచెం తగ్గించు." చవక పెట్టె కదా, పూర్తిగా వెలగడం, పూర్తిగా ఆరడం తప్ప దానికి నడిమధ్య తెలియదు.

బావ పెట్టె విప్పాడు. ఫ్యాను రెగ్యులేటరులాగా తిప్పితే తగ్గుతుందని లేజరు తీగలో నేరుగా ఒక మీట కలిపాడు. లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు లేజర్లుంటాయట, అందులో ఎరుపుది మరీ సుకుమారం. మీట తిప్పగానే కరెంటు ఎగదన్ని అది కాలిపోయింది. అంచు మాయమై ముగ్గు నీలం తిరిగింది. మంచంలో ఉన్న సుమంగళి ఎదుట ఎరుపు ఆరిపోవడమేమిటి? బావని వంటింట్లోకి పిలిచి, "వద్దు బావా, ఇంక దాన్ని ముట్టుకోబాకండి" అన్నాను. జీవితమంతా కరెంటుతో పని చేసిన మనిషి, ఆయనా భయపడ్డాడు. పెట్టెను మంచం కిందికి తోసేశాడు. తొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. అక్క రోజూ "ఏమయ్యా, ముగ్గెప్పుడు?" అని అడిగేది. "సామాను రాలా" అనేవాడు బావ, నా వైపు చూడకుండా.

పదో రోజున ఇక ఉండబట్టలేక మళ్ళీ మొదలుపెట్టాడు. కొత్త ఎర్ర లేజరు, మీట చెప్పినంతే కరెంటు వదిలే బోర్డులు మూడు, మొత్తం నాలుగు రోజుల పని. ఆ రోజుల్లో అక్క ఎక్కువగా కళ్ళు మూసుకునే పడుకుంది. నిద్ర అనుకున్నాం. చివరికి మీట తిప్పితే ముగ్గు నిజంగా పిండితో వేసినంత మెత్తగా గోడ మీద పరుచుకుంది. సంతోషానికి నాకు ఏడుపొచ్చింది.

"పెట్టినావా?" అంది అక్క. కళ్ళు తెరిచే ఉన్నాయి. బావ కొంచెం పెంచాడు. "ఇంకొంచెం." పెంచాడు. "ఇంకొంచెమయ్యా, ఏం పిసినారితనం!" మీట చివరికొచ్చి ఆగిపోయింది. గోడ భగభగలాడుతోంది, నేనే చూడలేక తల తిప్పుకున్నాను. "ఇంకా పెంచు" అంది. కదలని మీట మీద చెయ్యి అలాగే ఉంచి, "పెంచతానే ఉండా" అన్నాడు బావ. అప్పుడు అక్క, "ఆఁ, ఇప్పుడు రొంబ బాగుండాది. అంచు గూడా పెట్టినావే" అంది. ఆమె ముఖం కిటికీ వైపు ఉంది.

నెల తిరక్కుండానే అక్క పోయింది. బావ నన్ను ఒక్క మాట అనలేదు, ఇప్పటికీ అనడు. అంటే బాగుండునని నాకనిపిస్తుంది. చూపు పోయింది బావ పెట్టెను బాగుచేసిన ఆ నాలుగు రోజుల్లోనే అని తరవాత డాక్టరు చెప్పాడు. నేను అపశకునమని ఆపించిన ఆ తొమ్మిది పొద్దులూ అక్క చూపును కాలం మాకోసం అలాగే ఉంచింది, మేమే ఆమెకు ముగ్గు చూపించలేదు.