కార్జానికి కాపలా

నా చిన్నప్పుడు ఎవరినైనా కుక్క అంటే పెద్ద గొడవే అయ్యేది; మా పక్కింటి చిన్నాయన మాత్రం ఆ మాటను తనకు తానే బిరుదులా తగిలించుకున్నాడు. బంట్వారం దగ్గర మా ఊళ్లో పండుగొస్తే నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒక గొర్రెను కోయించి, మాంసాన్ని సమానంగా పోగులు పెట్టి పంచుకునేవారు. పోగులు పడేలోపు కార్జాన్ని, అంటే గొర్రె కాలేయాన్ని, నిప్పుల మీద కాల్చి, ఉప్పూకారం చల్లి పిల్లలకు పెట్టడం ఆనవాయితీ. అది చల్లారేదాకా మా వాకిట్లో తాండూరు బండ మీద ఆకులో ఉంచేవారు. దానికి కాపలా చిన్నాయనే. "నేనే కావలికుక్కను. నన్ను దాటి ఈగ గూడ రాదు" అంటూ పెద్ద మీసం మెలేసేవాడు.

ఈగ రాకపోయేది నిజమే. కార్జం మాత్రం మాయమయ్యేది.

నింద మా నల్లకుక్క మీద పడేది. గొర్రెల మందలో పుట్టి పెరిగిన కుక్క అది, మా దొడ్డిని కాసేది. పండుగ పండుగకూ ఇదే తంతు కావడంతో మా నాన్నమ్మకు ఓపిక నశించింది. "ఇంకోపారి గిట్లయితే దీన్ని మర్పల్లి మందలోళ్లకు ఇచ్చేస్త" అని తేల్చి చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు. దాని మెడ పట్టుకుని "నువ్వు తిన్నవా?" అని అడిగాను. అది నా మొహం నాకింది.

దసరా వచ్చింది. కుక్కను కట్టేద్దామంటే మా తాతయ్య వద్దన్నాడు. పెద్దలంతా పోగుల దగ్గర చేరి, నా దాంట్లో అన్నీ బొక్కలే, కండే లేదు అని వాదులాడుకుంటుండగా, బండ మీది ఆకు మళ్లీ ఖాళీ! చిన్నాయన లబోదిబోమన్నాడు. "జర అటు మర్లిన, గంతే! నీ కుక్కనే గుంజుకపోయింది పెద్దనాయినా!" నాన్నమ్మ తాడు కోసం లేచింది.

తాతయ్య మాత్రం సంతోషంగా చేతులు దులుపుకున్నాడు. "మంచిగైంది. అది కుక్క కోసమే పెట్టిన. పిల్లలది ఇంట్ల ఉన్నది. బండ మీది దాంట్ల గజ్జి మందు కలిపిన. పొద్దుగూకేవరకు వెంట్రుకలు రాల్తయి, మల్ల మంచియి వస్తయి. ముందుగాల మూతి మీదియి రాల్తయి."

చిన్నాయన చేయి దానంతటదే మీసం మీదికి పోయింది. ఎక్కడలేని జాలితో, "పాపం, మూగజీవి! విరుగుడేమన్న ఉంటదా?" అని అడిగాడు.

"యాపాకు. గుప్పెడు నమలాలె."

కొంతసేపటికి దొడ్డి వెనక నుంచి మా కుక్క అరుపులు వినిపించాయి. పరుగెత్తి చూద్దుము కదా, చిన్నాయన ఒక చేత్తో మీసం గట్టిగా పట్టుకుని, వేపచెట్టు కింద మేకలా ఆకులు నములుతున్నాడు! కుక్క అతన్ని కదలనివ్వకుండా ఎదురుగా నిలబడి మొరుగుతోంది. అయ్యో, ఆ నవ్వులు! నాన్నమ్మ తాడు పడేసి, అక్కడే కూలబడి నవ్వింది. నేను కుక్కను కావిలించుకున్నాను.

అందరూ నవ్వి నవ్వి అలిసిపోయాక తాతయ్య, మందూ లేదు గిందూ లేదని చెప్పి, లోపలి నుంచి కార్జం తెచ్చాడు. ముందు మాకే పెడతాడనుకున్నాం. ఆయన పెద్ద ముక్క తీసి, తలవంచుకుని నిలబడ్డ చిన్నాయన చేతిలో పెట్టాడు. "తప్పు నాది గూడ ఉన్నది కొడుకా. పొద్దటిసంది ఏం పెట్టక, కమ్మటి వాసన కాడ కూసోబెడితిని. ఇంకోసారి ముందుగాల తిను, తర్వాత కావలుండు." ఇంకో ముక్క కుక్కకు వేశాడు. ఆ తర్వాత కూడా చిన్నాయనే కాపలా ఉన్నాడు. కార్జం పోలేదు. ఆ బిరుదు మాత్రం ఆయన మళ్లీ చెప్పుకోలేదు.

ఇప్పుడు వికారాబాద్‌లో మా కాలనీ సంఘానికి నన్ను పెద్దను చేశారు. మొన్న వినాయకుడి అన్నదానం రోజు, సెక్రటరీ కుర్రాడు మైకు పట్టుకుని, "అమ్మమ్మ మన కాలనీకి కాపలా కుక్క లాంటిది" అన్నాడు. పేపర్లలో చదివిన మాట, పాపం పొగడ్తగానే అన్నాడు. మా కోడలి మొహం మాడిపోయింది. నాకు మాత్రం మా నల్లకుక్క కళ్లముందు మెదిలి ఎంత మురిపెమైందో! లడ్డూల గది తాళంచెవి నా చేతికివ్వబోతే, "జర ఆగుండ్రి. ముందుగాల నాకో లడ్డు పెట్టుండ్రి, గప్పుడు కావలుంట" అన్నాను. అందరూ గొల్లుమన్నారు.

ఇంకో లడ్డు పట్టుకుని గేటు దగ్గరికి నడిచాను. పొద్దుటి నుంచి అక్కడే నిలబడ్డ వాచ్‌మన్ నన్ను చూసి సర్దుకున్నాడు. ఆనాడు ఏడుస్తూ మా కుక్కను అడిగిన మాటే నా నోటి నుంచి వచ్చింది.

"తిన్నవా?"