ఎర్ర గరప చేలో చెల్లెలి పుస్తెలు: మాచర్ల దాకా ఒక రోజు ప్రయాణం

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పమంటే నా గొంతు మూడో వరుస దాటదు. అలాంటి నేను ఇది రాయటానికి కూర్చున్నానంటే కారణం ఒకటే. మా చెల్లెలి పుస్తెలు చేలో పోయాయని తెలిసిన సాయంత్రం ఫోనులో ఎంత వెతికినా, లోహాలు పట్టే మిషను గురించి నాకు దొరికినదంతా ఇంగ్లీషులోనే ఉంది. అదీ సముద్రపు ఇసుకలో ఉంగరాలు వెతుక్కునేవాళ్ళ కోసం. మన పల్నాడు గరపలో, అంటే గరుకైన ఎర్ర నేలలో, ఆ మిషను ఊరికే ఎందుకు అరుస్తుందో, దాన్ని ఎలా ఊరుకోబెట్టాలో మన మాటల్లో చెప్పినవాళ్ళు కనపడలేదు. నాలాగా వెతుక్కునే ఇంకో ఆడమనిషికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా చెల్లెలు కరుణ, మరిది ఏసురత్నం మాచర్ల అవతల ఒక పల్లెలో అరెకరం మిరప కౌలుకు చేస్తారు. కాయ కోసేటప్పుడు చెమటకు ఘాటు తోడై మెడలో గొలుసు కింద భగభగ మండుతుంది. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొలుసు ఇంట్లో పెట్టి వెళ్తారు. కానీ పుస్తెలు ఒంటిని విడవకూడదు. వాటిని కొంగు చివర ముడేసి నడుము దగ్గర దోపుకుంటారు. ఆఖరి కోత అయ్యి ఇంటికొచ్చి చూసుకుంటే కరుణ కొంగు ముడి వదులై ఉంది, పుస్తెలు రెండూ లేవు. ఒకటి అత్తింటిది. రెండోది పుట్టింటిది. మా అమ్మ తనకున్న ఒక్క జత కమ్మలు కరిగించి మా ఇద్దరికీ చెరొక పుస్తె చేయించింది. ఆమె గుర్తుగా మాకు మిగిలింది అవే. ఎల్లుండి పొద్దున్నే చేలోకి ట్రాక్టరు వస్తుంది, ఒకసారి దున్నితే ఇక దొరకవని కరుణ ఫోనులో ఏడ్చింది. "పోతే పోయినయ్‌లే, ముందు బువ్వ తిను" అని వెనక మరిది గొంతు వినపడుతోంది. అది తినలేదని నాకు తెలుస్తూనే ఉంది.

మా చర్చి వెనక మట్టిలో పూడిపోయిన నీళ్ళ పైపును మిషనుతో కనిపెట్టిన మస్తాన్ గుర్తొచ్చాడు. గురజాలలో బోరు మోటార్లు బాగుచేస్తాడు. అడగ్గానే వస్తానన్నాడు. మర్నాడు తెల్లవారుజామున నరసరావుపేటలో పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తున్నారు, కార్డు మరిచిపోకండి. ఎనిమిది దాటాక గురజాలలో మస్తాన్ ఎక్కాడు. మిషను దుప్పట్లో చుట్టి ఉంది. మాచర్ల చేరేసరికి తొమ్మిదిన్నర. స్టాండు బయట ఇడ్లీ తిని, మనిషికి నలభై చొప్పున ఆటో మాట్లాడుకున్నాం. మూట చూసి డ్రైవరు నవ్వాడు.

"ఏందన్నా, లంకెబిందెల కోసమా? నాక్కూడా ఓ బిందె చూడు."

"దొరికితే నీ ఆటోలోనే ఏసుకొస్తాలే, ముందు గుంటలు చూసి తోలు" అన్నాడు మస్తాన్.

నవ్వులాటే కానీ, ఈ వైపు గుప్తనిధుల తవ్వకాలంటే జనానికి భయం, అనుమానం. అందుకే ముందు ఊరి సచివాలయం దగ్గర ఆగి, ఎవరి చేను, ఏం పోయింది, ఏం చేయబోతున్నాం అని చెప్పాం. చేను ఆసామిని కూడా కరుణ అడిగి ఉంచింది.

చేలో కరుణ, మరిది మా కోసం కాచుకుని ఉన్నారు. చేను మొదట్లోనే మస్తాన్ మిషను బిగించి ఆన్ చేశాడు. చేతికర్ర చివర గుండ్రటి పళ్ళెం ఉంటుంది, దాన్ని నేల మీదుగా తిప్పాలి. తిప్పీ తిప్పగానే ఒకటే అరుపు. ఎర్ర నేలలో ఇనుము కలిసి ఉంటుందట, మిషను నేలనే లోహమనుకుంటుంది. దానికి మందు గ్రౌండ్ బ్యాలెన్స్. కింద ఏ లోహమూ లేని చోటు చూసుకుని, బటన్ నొక్కి పట్టి, పళ్ళేన్ని మోకాలి ఎత్తు నుంచి చీలమండ దాకా నెమ్మదిగా దించుతూ ఎత్తుతూ ఉండాలి. ఈ నేల మోత ఇది, దీన్ని లెక్కచేయకు అని మిషనుకు నేర్పటమన్నమాట. అరుపు సన్నగిల్లి ఆగిపోయింది. నేను స్తోత్రం చెప్పుకున్నాను.

పది సాళ్ళు కూడా దాటకముందే మళ్ళీ అరుపులు. అక్కడ మళ్ళీ సరిచేశాడు. అక్కడ ఆగింది, వెనక్కి వస్తే ఇక్కడ మొదలైంది. ఎండ నెత్తికెక్కుతోంది. పక్క చేలో కాయ కోస్తున్న కోటమ్మ గట్టు మీదకొచ్చి నిలబడింది.

"ఏమే కరుణా, మీ అక్క పాముల బుర్ర ఊదే ఆయన్ని తోలుకొచ్చిందేందే?"

మస్తాన్ ఉడుక్కున్నాడు. "పైపులైతే ఇట్టే పడతా అక్కా. ఇంత సన్నదాన్ని, అందులో ఈ గరపనేల్లో, ఎప్పుడూ ఎతకలా" అంటూ ఇనుమును పట్టించుకోకుండా చేసే సెట్టింగు పెట్టాడు. మిషను నోరు పూర్తిగా మూతపడింది. ఇద్దరం హాయిగా ఊపిరి పీల్చుకుని చాలాసేపు వెతికాం. ఒక్క చప్పుడూ లేదు.

అప్పుడు నాకు ఆ నిశ్శబ్దం మీదే అనుమానమొచ్చింది. నా మెడలోని పుట్టింటి పుస్తె తీసి, నేల మీద పెట్టి, "దీని మీద తిప్పు తమ్ముడూ" అన్నాను. తిప్పాడు. మిషను పలకలేదు. పలచటి బంగారం పలుకు ఇనుము పలుకుకు దగ్గరగా ఉంటుందట. ఇనుము వద్దంటే బంగారాన్ని కూడా వద్దనుకుంది. ఎన్ని సాళ్ళు ఊరికే దాటేశామో, అవన్నీ మళ్ళీ మొదటి నుంచి వెతకాలి.

మస్తాన్ ఆ సెట్టింగు తీసేశాడు. సెన్సిటివిటీ పెంచితే లోతుకు వినపడుతుందని మనకు అనిపిస్తుంది కానీ ఈ నేలలో పెంచితే నేల గోలే పెరుగుతుంది. సగానికి పైగా తగ్గించి, పళ్ళేన్ని నేలకు రెండు వేళ్ళ ఎత్తున ఉంచి, నిద్రపోయే పిల్లకు విసనకర్ర విసిరినట్టు తిప్పమన్నాడు. నా పుస్తె మీదకు రాగానే చిన్నగా, తెగకుండా ఒక కూత వచ్చింది. నేల అరుపు గరగరలాడుతూ తెగిపోతుంది, ఇది అలా కాదు. ఆ కూతను చెవిలో పెట్టుకున్నాను.

కానీ చేను సగం దాటితే మళ్ళీ మామూలే. "ఒకటే చేను, ఇక్కడో మాట అక్కడో మాటేందమ్మా ఇది?" అని మస్తాన్ తల పట్టుకున్నాడు. కరుణ మెల్లగా అంది.

"నిరుడు ఎండాకాలం చెరువు మట్టి తోలించాం అన్నా. ఈ సగానికే వచ్చింది. ఆ పక్కకి చాల్లా."

"ముందే చెప్పొద్దా చెల్లెమ్మా!"

"మిషనుకి మట్టి సంగతి కావాలని నాకేం తెలుసు? నువ్వు అడిగావా?"

గట్టు మీద కోటమ్మ పగలబడి నవ్వింది. పైన ఎర్ర దుమ్ము కప్పేసి చేను అంతా ఒకేలా కనిపిస్తోంది, కింద మాత్రం రెండు నేలలు. చెరువు మట్టి ఎక్కడ ఆగిందో కరుణ చూపిస్తే ఆ వెంబడి మిరప మోళ్ళు గుచ్చి గీత పెట్టాం. గీతకు ఈ పక్క వెతికేటప్పుడు ఈ పక్కనే బ్యాలెన్స్, ఆ పక్కకు వెళ్తే ఆ పక్కన మళ్ళీ బ్యాలెన్స్. మధ్యాహ్నం దాటాక ఎర్ర సగంలో ఆ సన్నటి కూత వినపడింది. మట్టిని గుప్పెడు గుప్పెడు తీసి వెదురు చేటలో పోసి మిషను ముందు పట్టాం. రేకు చేట వద్దు, అదే అరుస్తుంది. మూడో గుప్పెట్లో పుస్తె మెరిసింది. అత్తింటిది.

పుట్టింటిది మాత్రం సాయంత్రమైనా దొరకలేదు. రెండు సగాలూ అయిపోయాయి. "చాల్లే అక్కా, ఒకటి ఇచ్చాడు దేవుడు" అని కరుణ నవ్వబోయింది. ఆ మొహం నేను చూడలేకపోయాను. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే కోటమ్మ చేలోకి దిగింది.

"ఏమే, నిన్న నా దగ్గర మంచినీళ్ళు తాగి కొంగుతో మూతి తుడుచుకోలా? ఇదిగో, ఇక్కడే కూచున్నావు" అంటూ నిలబడిన చోటు చూస్తే, సరిగ్గా మేం మోళ్ళు గుచ్చిన గీత. రెండు రకాల మట్టీ కలిసే ఆ బెత్తెడు నేలను ఎటు పెట్టినా గోలేనని మేమే వదిలేశాం. మస్తాన్ గీత మీదే మళ్ళీ బ్యాలెన్స్ చేసి, సెన్సిటివిటీ ఇంకా తగ్గించి, మిషను నా చేతికిచ్చాడు. "ఆ కూత నీకే బాగా తెలుసక్కా."

గరగరల మధ్య, పొద్దున నా పుస్తె పలికిన పలుకే, అచ్చం అదే, మళ్ళీ పలికింది. ఒకే జత కమ్మల బంగారం. చేటలో మట్టి చెరిగింది కోటమ్మే.

కరుణ పుస్తెలు రెండూ నా చేతిలో పెట్టి, "అమ్మ లేదుగా, నువ్వే గుచ్చక్కా" అంది. దారం లేదు. కోటమ్మ కాయల గోతాం కుట్టే పురికొస తెంపి ఇచ్చింది. దానికే గుచ్చి, ఆ మిరప మోళ్ళ మధ్య నిలబడి మరిది చేతికిచ్చాను. ఆయన కట్టాడు. మస్తాన్ చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. ఆ రాత్రి కరుణ అన్నం తింది, నన్ను కూడా కూర్చోబెట్టి తినిపించింది. మర్నాడు పొద్దున నేను బస్సెక్కే వేళకు ట్రాక్టరు చేలో తిరుగుతోంది. మస్తాన్ పైపు వెతికిన రోజు తీసుకునే వెయ్యి రూపాయలే తీసుకున్నాడు. వెటకారం చేసిన నోటితోనే కోటమ్మ దారి చూపింది. దేవుడు ఎవరి చేత మేలు చేయిస్తాడో ముందుగా మనకు చెప్పడు. తీసుకోవటానికి చేతులు చాపి ఉంచటమే మన పని.

ఇలా వెతకటానికి వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. పోయిన వస్తువులాంటిదే ఇంకొకటి వెంట తీసుకెళ్ళండి. మిషనులో ఏది మార్చినా, నేల మారినా, ముందు దాన్ని నేల మీద పెట్టి పలుకుతుందో లేదో చూసుకోండి. ఇంకో మాట. ఈ పేజీ మీ దగ్గర దాచుకోండి, పోగొట్టుకున్న రోజు పనికొస్తుంది. బిందెల కోసం గుళ్ళూ కోటలూ తవ్వేవాళ్ళకు మాత్రం దయచేసి చూపించకండి.