ఆదివారపు సీసాలు

ఈ ఉదయం ఆవకాయ జాడీకి సరిపడే మూత కోసం వంటింటి పై అర వెతుకుతుంటే, పాత బిస్కెట్ల డబ్బాలో చిన్న గాజుసీసాలు కనిపించాయి. అన్నిటి మీదా నా చేతిరాతే: ‘ఆదివారం, పదకొండు గంటలు’. ముప్పై ఏళ్లు బడిలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని కదా, అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. వాటిని చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. జాడీ సంగతి మరిచిపోయి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

పద్మారావు నగర్‌లో మా ఇళ్ల వెనక ఒక నాలా పారుతుంది. ఆ నీళ్లన్నీ చివరికి చేరేది మూసీలోకే. ఇటు మా కాలనీ, అటు బస్తీ. ఏళ్ల తరబడి మేం అటువైపు కిటికీలు తెరవకుండానే కాపురాలు చేశాం. మాకు పాలు పోసే ఆవిడ ఇల్లు బస్తీలోనే. ఆమె గేదెలు రెండూ నాలా ఒడ్డునే మేసేవి, ఎండెక్కితే అందులోనే దిగి పడుకునేవి. పైమలుపులో ఒక రంగుల కార్ఖానా గొట్టం ఆ నాలాలోకి పెట్టారు. గేదెల కాళ్లకు పుండ్లు లేచాకగానీ, ఆ పాలే మేం కాఫీలో పోసుకుంటున్నామన్న సంగతి మాకు తట్టలేదు. అప్పుడు రెండు వైపులవాళ్లం ఒక్కటయ్యాం. ఆ గొట్టం మూయించాలి, అదీ మా పట్టుదల. నోటిమాటకు కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో విలువ లేదు గనుక నీళ్లు పరీక్షించి కాగితం మీద పెడదామన్నాను. పెద్దరికం నాదే అయింది.

బడిలో పిల్లలకు చెప్పిన సూత్రమే వీళ్లకూ చెప్పాను: ఒకే రోజు, ఒకే వేళ, ఒకే చోట. ఉద్యోగాలవాళ్లకు సెలవనీ, నాకు చర్చిలో ఆరాధన ముగిసే వేళ అనీ ఆదివారం పదకొండు ఖాయం చేశాం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఎదురింటి అన్నయ్యగారు గడియారం చూసి తల ఊపితేనే బొక్కెన నీళ్లలోకి దిగాలి. తాడు పట్టేది పాలావిడ. సీసాలో మందుచుక్కలు వేస్తే అడుగున గోధుమరంగు మడ్డి దిగాలి. అలా దిగితే నీటిలో ప్రాణవాయువు ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. మొదట్లో ఆమెకు ఇది మింగుడుపడలేదు. తెల్లగా ఉండటం తప్పెలా అవుతుందని పాలమ్మే మనిషి అడిగితే నాకూ నవ్వొచ్చింది.

వారం వారం లేత గోధుమరంగే వచ్చేది. నాలుగైదు వారాలయ్యాక ఆమె తాడు చుడుతూ అంది: “ఆదివారం కార్ఖానా బంద్ ఉంటది టీచరమ్మా. జెర మంగళవారం గిట్ల వచ్చి చూడు.”

మధ్యలో రోజు మారిస్తే లెక్క చెడుతుందనీ, శాస్త్రానికి ఒక పద్ధతి ఉంటుందనీ ఆమెకు ఓపికగా వివరించాను. ఓపికగానే, అదే నా బాధ. ఆమె మాట నా చెవిలో పడింది గానీ తలకెక్కలేదు. బొక్కెన పట్టే మనిషి నాకు పాఠం చెప్పడమేమిటని లోపల ఎక్కడో అనుకునే ఉంటాను.  ఆ ఏడాదంతా ఆమె ప్రతి ఆదివారం వచ్చి తాడు పట్టింది.

ఏడాది కొలతలు అందంగా బైండు చేయించి ఆఫీసుకు తీసుకెళ్లాం. అక్కడి అధికారి మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి, ప్రతి పేజీ తిరగేసి, “మీ లెక్కల ప్రకారమే నీళ్లు ఫర్వాలేదు కదా మేడం, ఇంక ప్రాబ్లమ్ ఏముంది?” అన్నాడు. గొట్టం మీద అంతకుముందు మేమిచ్చిన ఫిర్యాదును కూడా మా పుస్తకాన్నే సాక్ష్యంగా జతచేసి మూసేశారు. అన్నయ్యగారు మెట్లు దిగుతూ రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

ఆ ఎండాకాలమే ఆమె పెద్ద గేదె చచ్చిపోయింది. పలకరించడానికి వెళ్లాను. తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. “నువ్వు రాసిన దాంట్ల మా మంగళవారం లేదు టీచరమ్మా,” అంది అంతే. ఆ మర్నాడు మంగళవారం. ఇద్దరమే వెళ్లి బొక్కెన దించాం. సీసా అడుగున మడ్డి పాలంత తెల్లగా దిగింది. ఆమె సీసా అందుకుని ఎండకెత్తి చూసింది.

ఇప్పుడు ఏ రోజు వెళ్లాలో ఆమే చెబుతుంది, నేను రాస్తాను. మూసిన ఫైలు తెరవాలంటే మళ్లీ ఏడాది కొలతలు కావాలట. గొట్టం ఇంకా పారుతూనే ఉంది. మిగిలిన ఒక్క గేదెనూ ఆమె నాలాలో దిగనివ్వకుండా కట్టేసి ఉంచుతోంది. సీసాల మీది కాగితాలు నీళ్లలో నానబెట్టి గీకేశాను. వారానికి ఏడు రోజులని ఒకటో తరగతి పిల్లలకు మొదటి నెలలోనే నేర్పేస్తాం, నాకది తెలిసేసరికి అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి.