శివరంజని కలిపిన కుటుంబం

విరుదునగర్‌లోని ఒక అచ్చాఫీసులో శివరంజని పని, అచ్చయిన కాగితాల్లో తప్పులు పట్టడం. కుచ్చెళ్ళు పైకి దోపుకుని, భూతద్దం కంటికి ఆనించి, ఊగుతూ చూస్తుంది. తప్పు దొరికితే చాలు, కిసుక్కున నవ్వుతుంది. ఆ రోజు వచ్చింది, ఎప్పుడో అంతరించిపోయిన నక్షత్రచేపల్లాంటి జీవుల శిలాజాల మీద, వాటిని కుటుంబాలుగా విడదీస్తూ ఒక ప్రొఫెసరు రాసిన తమిళ పుస్తకం. మర్నాటికి వెయ్యి ప్రతులు కావాలి. ఒక బొమ్మ దగ్గర ఆమె ఊగడం ఆపేసింది. "అన్నా, చేతుల ఓరంలో పలకల వరస లేని జీవులదే ఈ కుటుంబమని ఆయనే రాసిండాడు. బొమ్మలో వరస ఉండాదే," అంది యజమాని నారాయణన్‌తో. "రాళ్ళ సంగతి మనకేమిటికి అమ్మా?" అంటూనే ఆయన భయపడుతూ ప్రొఫెసరుకి ఫోన్ చేశాడు. ప్రొఫెసరు తన దగ్గరున్న బొమ్మను మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత, ఆ జీవిని తానే పొరపాటున వేరే కుటుంబంలో పెట్టానని, అచ్చు ఆపమని చెప్పి, కనిపెట్టినామె పేరడిగాడు. శివరంజని ఇంటిదాకా నవ్వుతూనే నడిచింది. "అత్తా, నలబై కోట్ల ఏండ్లకి ముందర చచ్చినదాన్ని ఈ పొద్దు దాని కుటుంబంలో చేరిస్తిని," అంది గడపలోనే. అత్త సుబ్బమ్మాళ్ చేతిలో చాట దించి అడిగింది: "వాళ్ళు చేర్చుకునిరా, సండకి, కొట్లాటకి వచ్చిరా?"