గాలి మింగే జీపు

మంగళవాడ ముత్యాలప్పకు దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రం. గాలి మీద మాత్రం అపారం.

పావగడకు జనాన్ని చేరవేసే పాత డీజిల్ జీపు ఆయనది. పదిమంది పట్టేచోట పద్దెనిమిది మంది, పైన వేరుశనగ మూటలు. దారిలో ఒక మిట్ట ఉంది. ఏటికేడు దాన్ని ఎక్కలేక ఎక్కుతూ వచ్చిన జీపు, ఎనభైయేడు కరువులో మధ్యలోనే నిలబడిపోవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే దొడ్డన్న అనే ఆసామి అదే దారిలో కొత్త టెంపో దించాడు. మిట్ట ఎక్కకపోతే జనమంతా ఆ టెంపోకే.

మంగలి షాపు క్యాలెండరులో పందెం కారు బొమ్మ ఉండేది. దాని ముందుభాగాన ముక్కుపుటాల్లా రెండు రంధ్రాలు. ముత్యాలప్పకు కిటుకు దొరికింది. పాడైన మైకుసెట్టు హారన్, గరాటులాంటిది, ఒకటి తెచ్చి, నోరు ముందుకు ఉండేలా బానెట్టు మీద బిగించి, రబ్బరు గొట్టంతో ఇంజను ఫిల్టరుకు కలిపాడు.

"పరిగెత్తేటోడు నోరు తెరుచుకోడా? ఇంజనూ అంతేనప్పా" అని అందరికీ చెప్పాడు.

నిజానికి నలభై కిలోమీటర్ల వేగంతో పోయే బండిలోకి ఎదురుగాలి తోసేదెంత? ఊదుడుగొట్టంతో పొయ్యి రాజేసే మనిషి ఊపిరి అంతకన్నా గట్టిది. బానెట్టు కింది వేడిగాలికి బదులు బయటి చల్లగాలి అందితే కొంత లాభమే, కాని ఆ ఏడు పావగడ తాలూకాలో చల్లగాలి ఎక్కడిది? దొరికిందల్లా ఎర్రదుమ్ము. అది బుద్ధిగా వెళ్లి ఫిల్టరులో చేరింది.

అయినా మొదటి నెల జీపు ముందుకన్నా త్వరగా పావగడ చేరేది. హారన్‌కు గాలి అందాలని ముత్యాలప్ప తొక్కి నడిపేవాడు మరి.

నెల తిరిగేసరికి ఫిల్టరు దుమ్ముతో నిండింది. ఇక మిట్ట దగ్గర తొక్కినా వేగం రాదు, వేగం లేనిదే గాలి రాదు. అందుకని మిట్ట కింద బండి ఆపి, గాలి వీచేదాకా కాచుకునేవాడు. ఇంకెక్కడైనా జనం తిట్టి దిగిపోయేవారు. వీళ్లు కళ్లంలో చేట ఎత్తిపట్టుకుని గాలి కోసం పూటంతా నిలబడేవాళ్లు. గాలి లేనిదే కాయా పొట్టూ వేరుకావు, జీపు సంగతీ అంతే కాబోలు అనుకున్నారు. కరువు ఓర్పు నేర్పుతుందని రాసే పెద్దలు ఇది చూడాల్సింది.

ఒక సంతరోజు వేరుశనగ మూటతో వచ్చిన కాటమ్మ మిట్ట కింద దిగి, గుప్పెడు దుమ్ము తీసి వదిలింది. నిట్టనిలువునా రాలింది.

"గాలి లేదు కదప్పా."

"వస్తాది కాటమ్మక్కా. తొందరపడితే యట్ల?"

"నువ్వు బండి తోల్తాండావా, కాయలు తూర్పారబడ్తాండావా?"

వెనక టెంపో వచ్చి ఆగింది. దొడ్డన్న తల బయటికి పెట్టాడు. "ఏం ముత్యాలప్పా, ఈడ పెండ్లి ఎవురిది? మైకు కట్టినావు, పాట లేదే!"

నవ్వుతూనే జనం దిగి, మూటలు మోసుకుపోయి టెంపో ఎక్కారు. కాటమ్మా వెళ్లింది. టెంపో మిట్ట దాటింది.

అప్పుడు సన్నగా గాలి లేచింది. ముత్యాలప్ప గేరు వేశాడు. ఖాళీ జీపు మేకపిల్లలా మిట్టెక్కేసింది. మనిషిని దించడానికి ఆగిన టెంపో పక్కనే దాన్ని ఆపి అరిచాడు:

"చూసినావా అక్కా, గాలి రాంగానే యట్ల ఎక్కినాదో!"

"చూసినాలేప్పా. మమ్మల్ని దించినాక ఎక్కినాది."

"ఇంకొంచేపు కూర్చోనుంటే మీతోనే ఎక్కుండేది!"

ఎవరూ తిరిగి జీపెక్కలేదు. మరుసటేడు ముత్యాలప్ప జీపు అమ్మేసి, దొడ్డన్న టెంపోకే డ్రైవరుగా చేరాడు. ఒక్కటే షరతు: హారన్ బిగించనివ్వాలి. కొత్త ఇంజను కదా, టెంపో రోజూ దర్జాగా మిట్టెక్కేది. ఎక్కిన ప్రతిసారీ ముత్యాలప్ప కిటికీలోంచి చెయ్యి చాపి హారన్‌ను మెచ్చుకోలుగా తట్టేవాడు.