నిద్ర వార్తలకు ఎర్ర పెన్సిల్

భయపెట్టే వార్త కనిపిస్తే చాలు, మావయ్యగారికి చేయి దురద పెడుతుంది. ముప్పై ఏళ్లు పత్రికలో ప్రూఫులు దిద్దిన చేయి మరి. ఆయన రిటైరయ్యారు గాని, ఆయన ఎర్ర పెన్సిల్ కాలేదు. ఫోనులో ఎవరేం పంపినా కాగితం మీద ఎక్కించి, దిద్ది, పంపినవాళ్ల ఇంటికే వెళ్లి చేతిలో పెడతారు.

ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె ఆగిపోతుందని పంపిన పక్కింటి టైలరుకు ఆ పూటే మూడింది.

"ఎవరన్నారయ్యా?"

"నిపుణులండీ."

"ఆ నిపుణుడికి పేరుండదా? ఊరుండదా?"

ఆ తర్వాత టైలరు శుభోదయాలు తప్ప ఏమీ పంపలేదు. వాటిలోనూ ఒకసారి అచ్చుతప్పు దొరికింది.

పాప పుట్టేదాకా కోడలికి ఇదంతా నవ్వులాటే. మూడు నెలల పాప గంటకోసారి లేస్తుంది. ఆ మధ్యలో కునుకు తీయాల్సిన తల్లి ఫోను చూసింది. 'ఆరు గంటలు నిద్రపోకపోతే మీ మెదడు తనను తానే తినేస్తుంది!' అంతే, పాప పడుకున్నా తనకు నిద్ర పట్టడం మానేసింది. కళ్లు మూసుకుంటే గంటలు లెక్కపెట్టడమే. ఒక ఉదయం పాలసీసాను బట్టల బీరువాలో పెట్టి, "నా మెదడు అయిపోయింది మావయ్యా" అని భోరుమంది.

ఆయన కళ్లజోడు తగిలించుకుని ఆ వార్తను చివరి అక్షరం దాకా చదివారు. అంతదాకా చదివే మనిషి లోకంలో ఆయనొక్కరే.

"అమ్మాయ్, నీకు తోకుందా?"

"అదేంటి మావయ్యా?"

"ఇది ఎలుకల మీద చేసిన పరిశోధన. రోజుల తరబడి వాటిని పడుకోనివ్వలేదట, పాపం. నీ మెదడు నీ దగ్గరే ఉంది. నిద్ర చాలకపోతే మతిమరుపు, చిరాకు, ఏడుపు వస్తాయి. అంతవరకూ నిజం. వీలు దొరికినా నిద్ర పట్టకపోతే డాక్టరమ్మకు చెబుదాం. మిగతాదంతా కొట్టేశాను."

ఆ వెంటనే ఒక షరతు పెట్టారు. "రేపట్నుంచి మధ్యాహ్నం రెండు గంటలు పాపను నాకివ్వు. పేపరు చదివి వినిపిస్తా. ఈ ఇంట్లో నా మాట వినేవాళ్లే లేరు."

పది రోజులు తిరిగేసరికి కోడలు మనుషుల్లో పడింది. ఒక మధ్యాహ్నం ముందే మెలకువ వచ్చి చూస్తే, మావయ్యగారు మేజోళ్లతో హాల్లో పిల్లిలా తిరుగుతున్నారు. భుజం మీద పాప, చొక్కా నిండా పాలు. పేపరు మడత కూడా విప్పలేదు. ఇల్లు మరీ ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఆమెకు వింతగా తోచింది. పార్సిలు తెచ్చేవాళ్లు ఏమయ్యారు? వీధి తలుపు తీసి చూసింది. కాలింగ్ బెల్లు పక్కన ఆయన గుండ్రటి చేతిరాత కనిపించింది.

'దిగ్భ్రాంతికర నిజం! మధ్యాహ్నం ఈ బెల్లు నొక్కినవాళ్లకు జన్మలో నిద్ర పట్టదు! నిపుణుల హెచ్చరిక!'

"మావయ్యా! ఏ నిపుణులు?"

ఆయన ముఖం కందిపోయింది. "పచ్చి అబద్ధమమ్మా. ఏం చేయను, 'దయచేసి నొక్కవద్దు' అని రాస్తే ఒక్కడూ వినలేదు. ఇంకా అరగంట ఉంది, వెళ్లి పడుకో."

కోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లి పడుకుంది.